పరిశోధకుడు, పర్యవేక్షకుడు: కార్యబంధ స్వరూపము

ప్రశ్నోపనిషత్తు ఆరంభమున ఒక దృశ్యము కలదు. సుకేశుడు మున్నగు ఆర్గురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టుకొని పిప్పలాద మహర్షి కడకు వచ్చిరి. ఆయన వెంటనే బోధకు పూనుకొనలేదు. మరియొక సంవత్సరము నియమముతో తన యొద్ద నుండవలసినదనియు, పిదప తమకు తోచిన ప్రశ్నలు అడుగవచ్చుననియు, తనకు తెలిసియున్నచో చెప్పెదననియు పలికెను. ఆ ఆర్గురిలో చివర ప్రశ్నించినవాడు సుకేశుడు. అతడు తన ప్రశ్నకు ముందు ఒక పూర్వవృత్తాంతమును చెప్పుకొనెను. కోసల రాజపుత్రుడైన హిరణ్యనాభుడు షోడశకళలు గల పురుషుని గూర్చి తన్ను అడిగెననియు, తనకు తెలియదని తాను ఒప్పుకొంటిననియు, అసత్యమాడువాడు వేరుతో సహా ఎండిపోవును గనుక తాను బొంకజాలననియు అతని మాటల సారాంశము. రాజపుత్రుడు మారుమాటాడక రథమెక్కి వెడలిపోయెను. సుకేశుడు ఆ ప్రశ్నను మోసికొని గురువును వెదకికొనుచు వచ్చెను.

ఈ కథలో గురుశిష్యుల మాటలు రెండును గమనింపదగినవి. గురువు 'నాకు తెలిసియున్నచో' అని తన జ్ఞానమునకు హద్దు చెప్పుకొనెను. శిష్యుడు 'నాకు తెలియదు' అని ముందే అంగీకరించెను. నేటి విశ్వవిద్యాలయములలో సిద్ధాంతవ్యాసము వ్రాయు పరిశోధకునకు, దానిని పర్యవేక్షించు ఆచార్యునకు నడుమ గల బంధము చక్కగ సాగుటకు గాని, చెడిపోవుటకు గాని మూలము ఈ రెండు మాటలలోనే కలదు. అవి సకాలమున, సంకోచము లేక, వీలైనంతవరకు వ్రాతలో వెలువడిన చోట పని సాగును. అవి గొంతులోనే నిలిచిపోయిన చోట సంవత్సరములు గడచునే గాని వ్యాసము ముగియదు.

మూడు పేర్లు, మూడు ఆశలు

తెలుగు శాఖలలో ఈ ఆచార్యునకు మూడు పేర్లు వాడుకలో నున్నవి. నియమావళి ఆయనను పర్యవేక్షకుడనును. విద్యార్థులు తమలో తాము మాటాడుకొనునపుడు గైడు అందురు. ఎదుటపడినపుడు గురువుగారు అని పిలుతురు. ఈ మూడు పేర్లును మూడు విధములైన ఆశలను వెంటబెట్టుకొని వచ్చును. గురువన్నచో సర్వజ్ఞతను, శిష్యుడన్నచో విధేయతను లోకము ఎదురుచూచును. గైడు అనగా దారి చూపువాడు. ఆ దారిని ఆయన ముందే నడచి యుండునని విద్యార్థి నమ్మును. పర్యవేక్షకుడన్నచో పైనుండి చూచి తప్పొప్పులు లెక్కించు అధికారి అను భావము కలుగును.

ఈ మూడు ఆశలలో ఏదియు పూర్తిగ నిజము కాదు. పరిశోధన అనగా ఇంతకుముందు ఎవ్వరును తేల్చని విషయమును తేల్చుట. కావున ఆ దారిని ఆచార్యుడు ముందే నడచి యుండుట సంభవింపదు. బిరుదురాజు రామరాజుగారి సిద్ధాంతవ్యాసము 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో గ్రంథముగ వెలువడినది. అట్టి విషయమున పాటను పాడినవారి నోట విన్నవాడు పరిశోధకుడే. ఏ పాట ఏ సందర్భమున పాడబడెనో, పాడునపుడు ఏ చరణము తారుమారయ్యెనో అతనికి తెలిసినంతగా మరియొకరికి తెలియదు. పర్యవేక్షకుడు ఇవ్వగలిగినది ఆ సమాచారము కాదు. సమాచారమును ఎట్లు వర్గీకరింపవలెను, ఏది సాక్ష్యమగును, ఏది కాదు, వాదము ఎచ్చట బలహీనముగ నున్నది అను వివేకమును ఆయన ఇయ్యగలడు.

మొదటి సంవత్సరమున ఆచార్యునకు ఎక్కువ తెలియును. మూడవ సంవత్సరము వచ్చునప్పటికి ఆ సన్నని విషయమున విద్యార్థికే ఎక్కువ తెలియవలెను. అట్లు తెలియనిచో వ్యాసమునకు సార్థకత లేదు. ఈ తారుమారును ఇరువురును ముందే ఎరిగియున్నచో అది ఆనందమునకు హేతువగును. ఎరుగనిచో ఆచార్యునకు ధిక్కారముగను, విద్యార్థికి అపరాధముగను తోచును.

నియమావళి చెప్పునది, చెప్పనిది

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్.డీ. నియమావళి ఈ బంధమునకు చట్రమును ఏర్పరచినది. ఏకకాలమున ఆచార్యుడు 8 మందిని, సహాచార్యుడు 6 మందిని, సహాయాచార్యుడు 4 మందిని మించి పర్యవేక్షింపరాదు. పాఠ్యక్రమముతో కలిపి కనిష్ఠకాలము 3 సంవత్సరములు, గరిష్ఠకాలము 6 సంవత్సరములు. పునర్నమోదు ద్వారా మరి 2 సంవత్సరములు పొందవచ్చును. స్త్రీలకును, 40 శాతమునకు మించిన వైకల్యము గలవారికిని ఇంకను 2 సంవత్సరముల వెసులుబాటు కలదు. ప్రతి పరిశోధకునకు ఒక పరిశోధన సలహాసంఘము ఉండును. పర్యవేక్షకుడు దానికి సంచాలకుడు. ప్రతి అర్ధసంవత్సరమున పరిశోధకుడు ఆ సంఘము ఎదుట తన పనిని వివరించి సంగ్రహ నివేదికను సమర్పింపవలెను. ప్రగతి చాలనిచో సంఘము కారణములను నమోదుచేసి దిద్దుబాటు మార్గములను సూచింపవలెను.

ఈ నిబంధనలు సంఖ్యలను, గడువులను చెప్పును. ఇరువురు మనుష్యులు ఎట్లు మాటాడుకొనవలెనో చెప్పవు. చెప్పజాలవు కూడ. అయినను అర్ధసంవత్సర నివేదికను గూర్చి ఒక మాట అవసరము. అనేకులు దానిని కార్యాలయమునకు పంపవలసిన కాగితముగ మాత్రమే చూచి, గత నివేదికలోని వాక్యములనే అటునిటు మార్చి సమర్పింతురు. నిజమునకు 'నాకు తెలియదు' అను మాటను గౌరవముగ చెప్పుకొనుటకు ఏర్పడిన అధికారిక స్థానము అదియే. ఏ ప్రతి దొరకలేదో, ఏ అధ్యాయము తలచినట్లు రాలేదో అందులో వ్రాసిన పరిశోధకునకు సహాయమడుగు హక్కు లభించును. అంతయు సవ్యముగ నున్నదని వ్రాసినవానికి ఆ హక్కు తరువాతి నివేదికకు గాని రాదు.

ప్రాంతేతర శాఖల ప్రత్యేక పరిస్థితి

తెలుగు ప్రాంతమునకు వెలుపల నున్న శాఖలలో ఈ బంధము మరింత సున్నితమైనది. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున తెలుగు శాఖ కలదు. ఢిల్లీ, అలీగఢ్ విశ్వవిద్యాలయములలో ఆధునిక భారతీయ భాషల శాఖలో తెలుగు ఒక భాగము. ఇట్టి చోట్ల ఒక్కొక్క భాషకు అధ్యాపకులు కొలదిమందియే యుందురు. శాసనభాషలో నిష్ణాతుడైన ఆచార్యుని వద్ద దళిత కథానికపై పరిశోధన, ఆధునిక కవిత్వము చెప్పు ఆచార్యుని వద్ద ఛందశ్శాస్త్రముపై పరిశోధన తటస్థించుట ఇచ్చట అసాధారణము కాదు. సలహాసంఘ సభ్యులలో హిందీ, తమిళము, వంగభాష ఎరిగినవారుందురు. వారికి తెలుగు మూలము చదువుట రాకపోవచ్చును.

రెండవ చిక్కు సామగ్రిని గూర్చినది. తాళపత్ర ప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునను, తంజావూరు సరస్వతీ మహలునను, తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థయందును ఉండగా, పరిశోధకుడు గంగాతీరమున గాని యమునాతీరమున గాని కూర్చుండి యుండును. మూడవది మానసికమైనది. ఊరుగాని ఊరిలో తెలుగు మాటాడు పెద్ద ఒక్క ఆచార్యుడే అయినపుడు, ఆయనయే గురువు, ఆయనయే బంధువు, ఆయనయే పరీక్షకుడు అగును. పండుగనాడు ఆయన యింట భోజనము చేసిన విద్యార్థికి, మరునాడు ఆయన అభిప్రాయముతో ఏకీభవింపజాలనని చెప్పుట కష్టము. అట్లే, ఇంటిబిడ్డ వంటి విద్యార్థి అధ్యాయము చాలలేదని చెప్పుట ఆచార్యునకును కష్టమే. ఆదరము ఎంత యెక్కువైన, మౌనమునకు అంత అవకాశము కలదు.

ఇట్టి దూరములను వ్రాత జయింపగలదు. బర్రో ఆక్స్‌ఫర్డులోను, ఎమెనో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలోను ఆచార్యులై యుండిరి. వారిరువురి పేర ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వెలువడినది. 1984లో రెండవ కూర్పు వచ్చినది. వారు తుల్యులైన సహకర్తలు గాని గురుశిష్యులు కారు. అయినను నడుమ మహాసముద్రమున్నను ఒకే పనిని ఇరువురు నడుపవచ్చుననుటకు ఆ గ్రంథము సాక్ష్యము. ఒకే వరండాలో గదులున్నవారు ఆరు నెలలు పనిని గూర్చి మాటాడుకొనక గడుపుటయు లోకమున కలదు.

మౌనము ఎట్లు పెరుగును?

ఒక ఉదాహరణమును ఊహింపవచ్చును. 17వ శతాబ్దమున తంజావూరు నాయకరాజుల ఆస్థానమున పుట్టిన ఒక యక్షగానమునకు పరిష్కృత ప్రతిని సిద్ధము చేయుట ఒక పరిశోధకుని విషయమనుకొందము. సూచికలలో మూడు వ్రాతప్రతులు కనబడినవి. మూడింటిని పోల్చి పాఠాంతరములు గుర్తించి శుద్ధపాఠమును నిర్ణయింపవలెనని ప్రణాళిక. ప్రతులను చూడబోవగా, రెండవదియు మూడవదియు మొదటిదానికే కాగితపు నకళ్లని తెలిసినది. మొదటి ప్రతిలో పురుగు తిన్న చోట ఆ రెండింటను ఖాళీయే యున్నది. మూలప్రతి లభించుచుండగా దాని నకలునకు స్వతంత్ర సాక్ష్యవిలువ లేదని పాఠపరిష్కరణ శాస్త్రము చెప్పును. అనగా మూడు సాక్ష్యములు ఒక్కటియే అయినవి. పాఠాంతరముల అధ్యాయమునకు ఆధారము తొలగిపోయినది.

ఈ సంగతి తెలిసిన వారమునందే చెప్పినచో నష్టము స్వల్పము. విషయమును కొంచెము మరల్పవచ్చును. ఏకైక ప్రతి ఆధారముగ పాఠమును ప్రకటించి, లేఖకుల దోషముల స్వభావమును, నకళ్లు పుట్టిన చరిత్రను పరిశీలించుట మరియొక మంచి వ్యాసమే. కాని పరిశోధకుడు చెప్పలేదు. నాలుగవ ప్రతి ఎచ్చటనైన దొరకునేమో అని ఒక నెల చూచెను. వట్టిచేతులతో ఎదుటపడుటకు సిగ్గుపడి మరియొక నెల గడపెను. ఆచార్యుడు దారిలో కనబడి పని ఎట్లున్నదని అడుగగా, సాగుచున్నదండీ అనెను. ఆ మాటతో మౌనమునకు అసత్యము తోడైనది. అటుపిమ్మట నిజము చెప్పవలెనన్న ప్రతులు లేవని మాత్రమే గాక, ఇంతకాలము చెప్పలేదనియు చెప్పవలెను. ప్రతి నెలయు ఆ బరువు పెరుగును. ఎనిమిదవ నెలలో ఆచార్యుడు సంగతి తెలిసికొని, ప్రతులు లేనందుకు కాక దాచినందుకు నొచ్చుకొనెను.

ఇచ్చట దోషము ఒక్క పరిశోధకునిదే అనరాదు. దారిలో నిలబడి పని ఎట్లున్నదని అడుగుట కుశలప్రశ్న మాత్రమే. దానికి కుశలమని తప్ప వేరు జవాబు మర్యాద కాదు. గదిలో కూర్చుండబెట్టి, ఈ మాసమున ఏ ప్రతి చూచితివి, ఏమి కనబడినది, ఏది అడ్డుపడినది అని అడిగియున్నచో జవాబు వేరుగ నుండెడిది. ఏది అడ్డుపడినది అను ప్రశ్నను ప్రతి సమావేశమునను తప్పక అడుగు ఆచార్యుడు, అడ్డంకి చెప్పుట తప్పు కాదని విద్యార్థికి నేర్పినవాడగును.

చిత్తుప్రతియే కలియు చోటు

ఆచార్యుడును పరిశోధకుడును నిజముగ కలియునది గదిలో కాదు, చిత్తుప్రతిలో. నోటిమాటగ చెప్పిన ఆలోచన ఎప్పుడును వ్రాసినదాని కంటె అందముగ నుండును. దాని లోపములు వ్రాసినపుడే బయటపడును. కావున సమావేశమునకు రెండు మూడు దినములు ముందు, ఎంత కొంచెమైనను, కొన్ని పుటలు పంపుట మొదటి అలవాటు కావలెను. దానితోపాటు ఒక చిన్న చీటి యుండవలెను. ఇది ఏ అధ్యాయములోని భాగము, ఇందు నిరూపింపదలచినదేమి, ఆచార్యులవారు ప్రత్యేకముగ చూడవలసినదేమి, తనకు సందేహమున్న చోటు ఏది అను నాలుగు విషయములు అందు చాలును. నలువది పుటలు చేతికిచ్చి చూడండి అనుట కంటె, పన్నెండు పుటలిచ్చి ఏడవ పుటలోని కాలనిర్ణయము నిలుచునా అని అడుగుట ఫలప్రదము. ఆచార్యునకును ఎచ్చట తన శక్తిని వినియోగింపవలెనో తెలియును.

సమావేశము ముగిసిన దినముననే, అనుకొన్న సంగతులను పరిశోధకుడు అయిదారు వాక్యములలో వ్రాసి పంపవలెను. ఏమి నిర్ణయింపబడినది, ఎవరు ఏమి చేయుదురు, ఎప్పటికి అను అంశములు అందుండవలెను. మర్యాదగ వ్రాసిన ఈ చీటి ఆచార్యునిపై అపనమ్మకమునకు గుర్తు కాదు. పలువురిని పర్యవేక్షించు వ్యక్తికి ఒక్కొక్కరితో ఏమి చెప్పినదియు గుర్తుండుట దుష్కరము. మార్చిలో విస్తరింపుమని చెప్పిన భాగమును ఆగస్టులో తొలగింపుమనుట అందుచేతనే జరుగును. వ్రాత యున్నచో అది స్మృతికి సహాయము. లేనిచో వివాదమునకు బీజము.

ఆచార్యుని వ్యాఖ్యలును ఒక తరగతివి కావు. దిద్దితీరవలసినవి కొన్ని, ఆలోచింపవలసినవి కొన్ని, కేవలము అభిరుచికి చెందినవి కొన్ని. ఆ భేదమును ఆచార్యుడు అంచున గుర్తించినచో మంచిది. గుర్తింపనిచో విద్యార్థి అడిగి తెలిసికొనవలెను. ఎర్రసిరాతో నిండిన పుటను చూచి కుంగిపోవుట తొలినాళ్లలో సహజము. కాని ఏ గుర్తును లేక తిరిగివచ్చిన పుటలే నిజమునకు చింతింపదగినవి. అవి చదువబడి యుండకపోవచ్చును. ఎన్ని దినములలో చదివి ఇయ్యగలరో ఆచార్యుడే మొదట చెప్పి, ఆ మాట నిలుపుకొనుట పర్యవేక్షణలో సగభాగము. రెండు వారములన్నది ఆరు వారములైనచో, ఆ సంగతిని ముందే తెలుపుట కూడ 'నాకు వీలుపడలేదు' అను నిజమును ఒప్పుకొనుటయే.

అభిప్రాయభేదము

ఆచార్యుని సిద్ధాంతమునకే వ్యతిరేకమైన నిర్ణయము పరిశోధకునకు తోచినచో ఏమి చేయవలెను? తెలుగు సాహిత్యచరిత్రలో ఇట్టి సందర్భములు అరుదు కావు. మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవమును 1909లో వెలుగులోనికి తెచ్చి, ఆ కవి నన్నయకు పూర్వుడని వాదించినది మొదలు, ఆ కాలనిర్ణయము పండితులను రెండు పక్షములుగ విభజించినది. ఆచార్యుడు ఒక పక్షమున ప్రసిద్ధుడై యుండగా, విద్యార్థికి సాక్ష్యములు రెండవ పక్షమునకు మొగ్గినట్లు కనబడవచ్చును.

ఇట్టి చోట రెండు తప్పుదారులున్నవి. తన అభిప్రాయమును మ్రింగి ఆచార్యుని మాటనే తిరిగి వ్రాయుట ఒకటి. మౌఖికపరీక్షలో బాహ్యపరీక్షకుడు అడుగు మొదటి ప్రశ్నతోనే ఆ బోలుతనము బయటపడును. చెప్పక వ్రాసి తుదిప్రతిలో ఆచార్యుని ఆశ్చర్యపరచుట రెండవది. సరియైన దారి ఈ రెంటికి భిన్నము. ఆచార్యుని వాదమును ఆయన చెప్పినదానికంటెను బలముగ, ఆయన ఎత్తిచూపని ఆధారములు గూడ చేర్చి, మొదట ఒక చిత్తుప్రతిలో వ్రాయవలెను. పిదప భాషారూపములు, ఛందస్సు, పూర్వకవిస్తుతి, శాసనసాక్ష్యము అను ఒక్కొక్కదానిలో ఎచ్చట అది నిలువజాలదో చూపవలెను. ఆ చిత్తుప్రతిని ఆచార్యునకే మొదట ఇయ్యవలెను. తన వాదమునకు పూర్ణన్యాయము జరిగినదని చూచిన పండితుడు దాని ఖండనమును సహింపగలడు. అప్పటికిని ఏకీభవింపకున్నచో, సాక్ష్యము సరిగ నున్నది, నిర్ణయము నీది అని చెప్పి ముందుకు పంపుటయే పర్యవేక్షకుని ధర్మము. ఆయన సంతకము వ్యాసము పరీక్షార్హమని చెప్పును గాని, అందలి ప్రతి నిర్ణయమును తనదిగ చేసికొనదు.

హద్దులు, రక్షణలు

విధేయతకు హద్దులుండవలెను. విద్యార్థి చేత ఇంటిపనులు చేయించుట, అతడు సేకరించిన సామగ్రిని అతని పేరు లేక ప్రకటించుట, సంతకమును ఆపి లోబరచుకొనుట గురుసేవ అను మాటతో కప్పిపుచ్చదగినవి కావు. అట్లే, ఇతరుల వాక్యములను తనవిగ చేర్చుట, ఆచార్యుడు దిద్దిన పుటలను చదువకయే మరల పంపుట విద్యార్థి వైపు దోషములు. గ్రంథచౌర్యమును గూర్చిన 2018 నాటి నిబంధనలు 10 శాతమునకు మించిన సారూప్యమునకు స్థాయిని బట్టి చర్యలు విధించినవి. తెలుగు వ్రాతలలో యంత్రము పట్టుకొనజాలని చౌర్యము ఇంకను కలదు. దానికి కాపలా ఇరువురి మనస్సాక్షియే.

బంధము సాగనపుడు ఆదుకొనుటకు కొన్ని ద్వారములున్నవి. ఆచార్యునకు పరిచయము లేని రంగమున సహపర్యవేక్షకుని కోరవచ్చును. వేరొక సంస్థలోని విద్వాంసుడును అందుకు అర్హుడు. పదవీవిరమణకు 3 సంవత్సరములలోపు కాలమున్న ఆచార్యుడు కొత్తవారిని చేర్చుకొనరాదను నియమము విద్యార్థి నడిదారిలో మిగులకుండుటకే ఏర్పడినది. వివాహము వలన గాని మరియొక కారణమున గాని స్త్రీ వేరొక ఊరికి పోవలసివచ్చినచో, నియమములకు లోబడి తన పరిశోధన సామగ్రిని మరియొక సంస్థకు మార్చుకొనవచ్చును. తొలి సంస్థకును పర్యవేక్షకునకును తగిన గుర్తింపు ఇయ్యవలెను. 'ఈ విషయము నాకు తెలియదు. తెలిసినవారి వద్దకు పొమ్ము' అని ఆచార్యుడు తానై చెప్పినచో ఆయన గౌరవము తగ్గదు. పిప్పలాదుడు పెట్టిన షరతు అదియే గదా.

సుకేశుడు రాజపుత్రుని ఎదుట తెలియదని ఒప్పుకొనినపుడు అతనికి చిన్నతనము కలిగియుండవచ్చును. కాని ఆ ఒప్పుకోలుననే అతని ప్రశ్న సజీవముగ నిలిచినది. తెలియునని బొంకియున్నచో పిప్పలాదుని కడకు రావలసిన పనియే లేకుండెను; షోడశకళలను గూర్చిన ఆరవ ప్రశ్నయు ఉపనిషత్తులో చేరకుండెను. ఊరుగాని ఊరిలో, కొలదిమంది పాఠకులున్న భాషలో, ఆరేండ్లు ఒక్క విషయముపై కూర్చుండు పరిశోధకునకు ఇంతకంటె చెప్పవలసినది లేదు. ఈ వారము అడ్డుపడినదానిని ఈ వారమే ఒక పుటలో వ్రాసి గురువుగారి బల్లమీద నుంచుట చాలును. ఆ పుటను ఆదరముతో చదివి, తెలిసినంత చెప్పి, తెలియనిదానిని తెలియదనుట గురువుగారి వంతు.